కాలువ దాటని విహారము

మొన్నటి వేసవిలో మా మిత్రులొకరు సకుటుంబముగా పుదుచ్చేరికి పోయి, నాలుగు దినములుండి వచ్చిరి. వచ్చిన సాయంకాలమే మమ్ము పిలిచి, చేతిలోని ఫోను తెరచి, ఒకదాని తరువాత నొకటిగా మూడువందల ఫోటోలు చూపిరి. పసుపుపచ్చని గోడలు, తెల్లని ద్వారబంధములు, గోడలమీదికి ఎగబ్రాకిన కాగితపుపూల తీగలు, ఆ గోడల ముందు ఆయనయు, ఆయన పిల్లలును. “పట్టణమంతయు చూచితిమి, చూడవలసినది మిగులలేదు” అని ఆయన సంతోషముతో పలికిరి. “కాలువకు పడమట నేమేమి చూచితిరి?” అని మేమడిగితిమి. “ఏ కాలువ?” అని ఆయన మమ్మే తిరిగి యడిగిరి.

ఆయన చదువుకొన్నవారు, ఉదారులు, కులభేదములను ఖండించుచు సభలలో మాటలాడినవారు. అట్టివారికే ఆ కాలువ కానరాకపోయెనన్న, ఇక తక్కినవారి మాట చెప్పనేల? ఆయన ప్రశ్నకు ఆనాడు మేము సరియైన ప్రత్యుత్తరము చెప్పలేదు. ఈ వ్యాసమే ఆ ప్రత్యుత్తరము.

మేము విహారమునకు విరోధులము కాము. ఏటికొకమారు ఇల్లు విడిచి నాలుగు దినములు సముద్రపుగాలి పీల్చుట దుర్వ్యయమని చెప్పు ఛాందసులతో మాకు పొత్తు లేదు. సంవత్సరమంతయు కచేరిలో లెక్కలు వ్రాసినవారికిని, బడిలో పాఠములు చెప్పిన పంతులమ్మకును, దుకాణములో నిలుచుండి నిలుచుండి కాళ్లు వాచిన గుమాస్తాకును విశ్రాంతి కావలయును. విశ్రాంతి మనుష్యుని హక్కు. అయితే హక్కు అనిపించుకొనవలెనన్న అది నలుగురికిని ఉండవలెను. ఒకరి విశ్రాంతి మరియొకరి నిద్రలేమిమీద నిలిచినచో దానిని హక్కు అనరాదు, దొరతనమనవలెను. అట్టి దొరతనము మూడువందల యేండ్లు చెల్లిన పట్టణము పుదుచ్చేరి. ఆ దొరతనము నెదిరించి, శ్రమజీవికిని విశ్రాంతి కలదని నెత్తురు చిందించి చాటిన పట్టణమును అదియే. మనము మొదటి పట్టణమును చూచి, రెండవదానిని చూడక తిరిగి వచ్చుచున్నాము. ఇదియే మా ఫిర్యాదు.

ముందుగా పట్టణ స్వరూపమును చెప్పుదుము. పుదుచ్చేరి తీరము నిన్న మొన్న వెలసినది కాదు. పట్టణమునకు దక్షిణమున కొలది దూరములో, అరియాంకుప్పపుటేటి యొడ్డున అరికమేడు అను దిబ్బ కలదు. 1945లో మార్టిమర్ వీలర్ దానిని త్రవ్వించి, రోమకుల ద్రాక్షాసవపు జాడీల పెంకులను, వారి నునుపైన యెర్రమట్టి పాత్రల తునకలను వెలికి దీసెను. రెండువేల యేండ్లనాడే పడమటి దేశముల సరకు ఈ తీరమునకు వచ్చుచుండెనని దానివలన తేటపడినది. అటుపిమ్మట ఎన్నో శతాబ్దములకు, 1674లో ఫ్రెంచి వర్తకసంఘము పక్షమున ఫ్రాన్సువా మార్తెన్ ఇచ్చట కొఠీ నిలిపెను. 1693లో డచ్చివారు పట్టణమును పట్టుకొని 1699లో తిరిగి యిచ్చివేసిరి. 1761లో ఇంగ్లీషువారు దానిని గెలిచి, కోటను తెల్లవారి మేడలను నేలమట్టము గావించిరి. నేడు మనము ముచ్చటపడి నిలుచుండు తూర్పు వీధులు ఆ దెబ్బకు కూలి, పిదప మరల లేచినవే.

ఈ పట్టణమునకు నడుమ ఉత్తర దక్షిణములుగా ఒక కాలువ కలదు. కాలువకు తూర్పున, సముద్రపు పక్కను, తెల్లవారి పట్టణము. పడమటను నల్లవారి పట్టణము. ఆ కాలమున వాడుకలోనున్న పేర్లే అవి. తూర్పున గాలి, వెడల్పు వీధులు, దొరల కచేరీలు. పడమటను నేతగాండ్రు, వర్తకులు, దుబాసీలు, కూలీలు, వారి గుడులును మసీదులును అంగళ్లును. కాలువ వెడల్పు చూచిన పిల్లవాడు సహితము పది అడుగులు వేసి వంతెన దాటగలడు. అయినను ఆ పది యడుగులే రెండు లోకములను వేరుచేసినవి.

1954 అక్టోబరు 18వ తేదీన కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు చేరి, అందు 170 మంది భారతదేశమున విలీనమగుటకు సమ్మతి దెల్పిరి. ఆ నవంబరు 1వ తేదీన పాలన చేతులు మారెను. 1962 ఆగస్టు 16వ తేదీన చట్టరీత్యా విలీనము పూర్తియయ్యెను. దొరలు పోయిరి. కాని కాలువ మాత్రము మన కన్నులలో నిలిచిపోయినది. తూర్పువైపు బసలలో దిగెదము. తూర్పువైపు వీధులలో తిరిగెదము. దొరగారి వరండాలో దొరగారివలెనే కాఫీ త్రాగెదము. ఫ్రెంచివాడు మనల నుంచిన వైపు మనకు చూడదగినదిగా తోచదు. మనల రానీయని వైపున నాలుగు దినములు కూరుచుండుటయే మనకు వేడుకయైనది.

పడమట చూడదగినదేమున్నదని యడుగుదురా? ఆనందరంగ పిళ్ళై యిల్లున్నది. ఈయన 1709లో పుట్టి, డూప్లే గవర్నరునకు ప్రధాన దుబాసీయై, 1736 మొదలు 1761లో మరణించువరకు తమిళమున దినచర్య వ్రాసియుంచిన మహానుభావుడు. గవర్నరుల యెత్తుగడలు, ఓడల రాకపోకలు, బజారు ధరలు, వీధి వదంతులు అన్నియు అందులో కలవు. మన దేశపువాడొకడు మన భాషలలో నొకదానియందు, తెల్లవారి రాజ్యము వేరూనుచున్న తీరును ఇంటిలోపలినుండి చూచి వ్రాసిన గ్రంథము అట్టిది వేరొకటి చూపుట కష్టము. ఆ యింటిలో క్రిందియంతస్తు మనవారి కొయ్యస్తంభముల పద్ధతి. పైయంతస్తు ఫ్రెంచివారి సున్నపు స్తంభముల పద్ధతి. ఆ కాలపు మనుష్యుని మనస్సే యిల్లుగా కట్టబడినట్లుండును. తెలుగువారికి ఆయనతో చుట్టరికమును కలదు. కస్తూరి రంగకవి రచించిన తెలుగు ఛందోగ్రంథము ‘ఆనందరంగరాట్ఛందము’ ఈయన పేరిటనే వెలసినది. ఛందస్సు చదివిన మన పండితులెందరో ఆ పేరు నోట పలికిరి. పుదుచ్చేరికి పోయిన మన విహారులలో ఎందరు ఆ గుమ్మము నెదుట నిలిచిరి?

ఆ దినచర్య చదివినవారికి పసుపుపచ్చని గోడలు వేరుగా కానవచ్చును. 1748లో ఇంగ్లీషువారు పట్టణమును ముట్టడించిన దినములలో, డూప్లే యధికారమున వేదపురీశ్వరుని ఆలయమును పడగొట్టిన వృత్తాంతము అందు కలదు. పల్లెజనులను మాయమాటలతో పట్టి తెచ్చి బానిసలుగా ఓడలకెక్కించిన దురాగతము 1743 నాటి పుటలలో నున్నది. ఫ్రెంచివారి ద్వీపములలో 1848లో బానిసత్వము రద్దయ్యెను. కాని అంతకు ముందే, 1820ల దశకము చివరినుండియే, కూలియొడంబడిక యను క్రొత్త పేరుతో మన మనుష్యులను రీయూనియన్ ద్వీపపు చెరకుతోటలకు కొనిపోసాగిరి. ముందుగా పోయినవారిలో యానామునుండి కదలిన తెలుగువారును ఉండిరి. ఆ తోటల సంపద ఏ మేడల గోడలకు రంగువేసినదో చదువరులే యూహింపగలరు. రంగు చూచి మురియుట తప్పు కాదు. రంగు వెల యెవరిచ్చిరో యడుగకపోవుట తప్పు.

ఇక మా వాదమునకు మూలమైన సంగతికి వత్తుము. 1936లో ఫ్రాన్సు దేశమున కార్మికులు సమ్మెలు చేసి కొన్ని హక్కులు గెలిచిరి. ఆ జూను 20వ తేదీన వచ్చిన చట్టముచే అచ్చటి పనివారికందరకును జీతముతో గూడిన రెండు వారముల సెలవు లభించెను. తమ జీవితమున ఎన్నడును సముద్రము నెరుగని కూలివారు ఆ వేసవిలో మొదటిసారిగా భార్యాబిడ్డలతో కడలితీరములకు పోయిరి. ఆ వేసవియందే, అదే ఫ్రెంచి జెండా క్రింద, పుదుచ్చేరిలో ఏమి జరిగెనో వినుడు. బట్టలమిల్లుల కార్మికులు దీర్ఘమైన పనిగంటలను తగ్గింపుడనియు, సంఘము పెట్టుకొన హక్కు నిండనియు కోరి సమ్మె కట్టిరి. జూలై 30వ తేదీన సవానా మిల్లు వద్ద వారిపై తుపాకులు ప్రేల్చిరి. పన్నెండుగురు కార్మికులు నేలకొరిగిరి. ఫ్రాన్సులోని పనివాడు సముద్రపుటొడ్డున సెలవు గడుపుచుండగా, సముద్రపుటొడ్డుననే పుట్టిన మన పనివాడు ఎనిమిది గంటల దినమునకై ప్రాణము లిచ్చెను. ఆ బలిదానముచేతనే పిదప పుదుచ్చేరి కార్మికులకు ఎనిమిది గంటల పనిదినము దక్కినది. వి. సుబ్బయ్య మొదలగు నాయకుల పేరులు అచ్చటివారు నేటికిని తలచుకొందురు.

ఆ మిల్లులు 2020 నాటికి మూతబడినవి. వానిని చూపుటకు ఏ మార్గదర్శియు మనలను కొనిపోడు. అవి కాలువకు పడమట, మిక్కిలి పడమట నున్నవి.

స్వతంత్ర భారతమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమున కొక సెలవును, పనిచేసిన ప్రతి యిరువది దినములకు జీతముతో నొక సెలవు దినమును నిర్ణయించినది. మనము కచేరులలో వ్రాయించుకొను సెలవు చీటీకి వెనుక ఇట్టి పోరాటములున్నవి. అది ఏ యజమానియు దయదలచి యిచ్చిన బహుమానము కాదు. ఆ సెలవు చీటీతోనే పుదుచ్చేరికి పోయి, సెలవు కొరకు చచ్చినవారి యూరికి పోయితిమని యెరుగకయే తిరిగివచ్చుట కంటె కృతఘ్నత యేమున్నది?

ఇందుకు కొందరు చెప్పు సమాధానమును మేమెరుగుదుము. “ఏడాది పొడుగున కష్టపడి నాలుగు దినములు నవ్వుకొనుటకు పోవుదుము. అచ్చటను మాకు చావుల లెక్కలు, బానిసల కథలు చెప్పెదరా? విహారమును తిథిగా మార్చెదరా?” అందురు. న్యాయమైన ప్రశ్నయే. మేము నవ్వవలదనలేదు. సముద్రమును చూచి పిల్లలు గంతులు వేయవలదనలేదు. కాని చదువుకొన్నవారు చారిత్రకమైన పట్టణమని పేరు చెప్పి దూరభారమునకోర్చి పోవుచున్నారు. గాలి మాత్రమే కావలసినచో మన బాపట్లలో గాలి లేదా? భీమునిపట్టణమున అలలు లేవా? చరిత్ర కొరకు పోయితిమని చెప్పుకొని, చరిత్ర యెదురైనప్పుడు కన్నులు మూసికొనుట ఏమి న్యాయము? మరియు ఎరుక విశ్రాంతికి శత్రువు కాదు. తెలిసి చూచిన వీధి, తెలియక చూచిన వీధికంటె నెక్కువ కాలము మనసులో నిలుచును. పదేండ్ల పిల్లకు ఆనందరంగ పిళ్ళై యింటి యెదుట దినచర్య కథ చెప్పి చూడుడు. ఆ రాత్రియే ఆమె యొక నోటుపుస్తకము కొనిపెట్టుమని యడుగును.

పట్టణమున కొక తూర్పు హద్దును కలదు. అది సముద్రము. “పేరు గొప్ప, ఇసుక సున్న, రాళ్లు తప్ప నడచుటకు తీరము లేదు” అని మనవారు విసుగుకొనుట మేము వింటిమి. ఆ రాళ్లెందుకు వచ్చెనో విచారించినవారు తక్కువ. ఈ తీరమున సంవత్సరములో హెచ్చుకాలము అలలు ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు మోసికొనిపోవును. 1980ల దశకము చివర పట్టణమునకు దక్షిణమున ఓడరేవుకై సముద్రములోనికి రాతికట్టలు కట్టిరి. ఇసుక కట్టకు దక్షిణముననే నిలిచిపోయెను. ఉత్తరమున తీరము కోసుకొనిపోయెను. పట్టణమును కాపాడుటకై రాళ్లు పోసిరి; కోత మరింత ఉత్తరముననున్న జాలరిపల్లెల మీదికి జరిగెను. 2018లో సముద్రపు టడుగున కృత్రిమమైన దిబ్బ నొకదానిని దించిన పిమ్మట కొంత మేర ఇసుక తిరిగివచ్చినది. మనకు పోయినది నడచుటకు మెత్తని ఇసుక. జాలరికి పోయినది పడవ నిలుపుకొను చోటు, వల యారవేసికొను చోటు, ఒక్కొక్కయెడ ఇల్లే. ఆతనిని చూడక, ఇసుక లేదని హోటలువానిపై కోపించుటయు కాలువ దాటకపోవుటయే.

ఇంతవరకు దాటవలసిన గీతను దాటకపోవుటను గూర్చి చెప్పితిమి. దాటరాని గీతను మనవారు ఎంత యుత్సాహముతో దాటిరో ఇపుడు చెప్పవలసియున్నది. ఫ్రెంచివారి పుదుచ్చేరికి గోదావరితీరమున ఒక చెల్లెలు కలదు. అదియే యానాము. ముప్పది చదరపు కిలోమీటర్ల భూమి, చుట్టును తెలుగుదేశము. 1929లో శారదా చట్టము వచ్చెను. 1930 ఏప్రిలు 1వ తేదీనుండి పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లిచేయుట నేరమయ్యెను. యానాము ఫ్రెంచివారిది గనుక ఆ చట్టము అచ్చట చెల్లదయ్యెను. అంత మన పెద్దమనుష్యులు బాజాభజంత్రీలతో, పీటలతో, పురోహితులతో, ఒడిలో పసిపిల్లలతో ఆ హద్దు దాటిపోయి పెండ్లిండ్లు గావించి, మరునాటికి ఇల్లు చేరిరి. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపిన గోదావరి మండలమునందే, అర్ధశతాబ్దము పిమ్మట ఈ సిగ్గుమాలిన యాత్ర సాగినది. ఆ పసిపిల్లలలో నెందరు బాలవితంతువులైరో లెక్క వ్రాసినవారు లేరు.

ఇదే ఫ్రెంచి హద్దును వేరొకడును దాటెను. 1908లో సుబ్రహ్మణ్యభారతి ఇంగ్లీషువారి చెరను తప్పించుకొని పుదుచ్చేరి చేరి, పదేండ్లు అచ్చట నివసించి, తన రచనలలో ఉత్తమమైనవానిని కొన్నింటిని అచ్చటనే చేసెను. ఆ పట్టణముననే కనకలింగము అను హరిజన యువకునకు తన చేతులతో యజ్ఞోపవీతము వేసెను. హద్దు ఒక్కటే. స్వేచ్ఛగా వ్రాయుటకు ఒకడు దాటెను. పసిపిల్ల మెడలో పుస్తె కట్టించుటకు మనవారు దాటిరి. భారతి నివసించిన యిల్లు కాలువకు పడమటనే యున్నది. మన మిత్రుని మూడువందల ఫోటోలలో అదియు లేదు.

ఆనాటి యాత్రలు ఆగినవి. కాని హద్దు దాటి చట్టమునకు, లజ్జకు సెలవిచ్చు అలవాటు ఆగినదా? పొరుగు రాష్ట్రములకంటె మద్యముపై పన్ను తక్కువ యని వారాంతమున కార్లు నింపుకొని పుదుచ్చేరికిని యానామునకును పోవువారెందరు? ఇంటివద్ద సీసా ముట్టనివాడు అచ్చట వీధిలో తూలుట, ఇంటియెదుట కాగితపుముక్క పడనీయనివాడు అచ్చట సముద్రపుగట్టున సీసాలు పగులగొట్టుట, ఊరిలో పరస్త్రీవైపు కన్నెత్తనివాడు అచ్చట దారినపోవు పిల్లలపై వెకిలిమాటలు విసరుట, వీని నన్నిటిని “సెలవులు కదా” అని క్షమించుచున్నాము. సెలవు కచేరికి గాని ధర్మమునకు గాదు. మనకు నాలుగు దినముల విహారస్థలమైన యూరు, వేరొకరికి పుట్టినిల్లు. అచ్చటి తల్లియు సాయంకాలము కూతురు ఇల్లు చేరువరకు గుమ్మమున నిలుచుండునని మరచిపోవుచున్నాము.

పరులను తిట్టి మమ్ము మేము తప్పించుకొనుట న్యాయము కాదు. కొన్నేండ్ల క్రిందట మేమును పుదుచ్చేరికి పోయితిమి. నెల్లూరునుండి కారు మాటాడుకొంటిమి. మొదటి రాత్రి పదిగంటలకు మేము పడకగదికి పోవుచు డ్రైవరును, “నీవెచ్చట పడుకొందువోయి?” అని యడిగితిమి. “కారులోనేనండి, బాబుగారూ. అలవాటే” అని యతడు నవ్వెను. దోమలు, ఉక్క, మే నెల. మేము “మంచిది” అని లోనికి పోయితిమి. ఆ “మంచిది” అను మాట నేటికిని మమ్ము గుచ్చుచున్నది. ఎనిమిది గంటల దినమునకై పన్నెండుగురు చచ్చిన యూరిలో, పదునాలుగు గంటలు మమ్ము త్రిప్పినవానికి ఒక చాపయు పంకాయు దొరకునో లేదో విచారింపక నిద్రపోయితిమి. హరిజనోద్ధరణమును గూర్చియు శ్రామికుల హక్కులను గూర్చియు మేము వ్రాసిన వ్యాసములు ఆ రాత్రి మా పెట్టెలో ఉండెను.

రెండవ కాలువ మా గదిలోపలనే యుండెను. మా తల్లిగారు హోటలు భోజనము ముట్టరు గనుక విద్యుత్తు పొయ్యి యొకటి, కుక్కరు, పప్పుల డబ్బాలు, పచ్చడి సీసాలు వెంటదెచ్చితిమి. మేము పిల్లలతో సముద్రపుగట్టునకు పోయి, సూర్యోదయము చూచి, ఆకలితో తిరిగివచ్చుసరికి అన్నము సిద్ధము. మేము మధ్యాహ్నము నిద్రించుసరికి అంట్లు కడుగబడియుండెను. మూడవనాడు తిరుగు ప్రయాణమున, “సెలవు లెట్లు గడచినవి?” అని మా గృహిణి నడిగితిమి. ఆమె కోపపడలేదు, కిటికీలోనుండి చూచుచు, “మీకు సెలవండి, నాకు వంటిల్లు మారింది, అంతే” అనెను. దీనికి ప్రతి చెప్పగల తర్కము మేము చదివిన యే గ్రంథమునను లేదు. మా మిత్రుని ఫోటోలలో వదినగారు ఏల కానరాలేదో అందుచేతనే మేమడుగలేదు. మాకు తెలియును.

ఇది మా యింటి మాట మాత్రమే కాదు. మన దేశమున కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటి చాకిరి చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. అనగా స్త్రీకి ఇంచుమించు అయిదు గంటలు; పురుషునకు గంటన్నర. ఈ అయిదు గంటలకు వారమున కొక సెలవు లేదు. ఇరువది దినముల కొక దినము లేదు. ఏ ఫ్యాక్టరీ చట్టమును ఆ గుమ్మము దాటి లోనికి రాలేదు. మిల్లు యజమానిని నిరంకుశుడని నిందించు మనము, మన యింటిలో ఆ యజమాని పీటమీదనే కూరుచున్నాము. అతడైన కూలి యిచ్చుచుండెను.

కావున సంస్కారాభిమానులగు చదువరులకు మా మనవి యిది. విహారమునకు పొండు, కాని కాలువ దాటుడు. పోవుటకు ముందు ఇంటిల్లిపాదియు కూరుచుండి ఆ యూరి చరిత్ర నించుక చదువుడు. ఆనందరంగ పిళ్ళై దినచర్య ఇంగ్లీషులో పన్నెండు సంపుటములుగా చెన్నపురినుండి వెలువడినది; అన్నియు చదువనేల, కొన్ని పుటలు చాలును. ఉన్న దినములలో సగము పడమటి వీధులలో నడువుడు. పిల్లలకు భారతి యిల్లు, పిళ్ళై యిల్లు, మూతబడిన మిల్లు చూపుడు. బస మాటాడునప్పుడే డ్రైవరునకు మంచము, భోజనము కలవా యని యడుగుడు. లేనిచో ఆ ఖర్చు మీ లెక్కలో చేర్చుకొనుడు. ఇంటివద్ద చేయుటకు సిగ్గుపడు పనిని అచ్చట చేయకుడు. పొయ్యి, కుక్కరు ఇంటనే విడువుడు. విడువ వీలుకానిచో పురుషులే వండుడు, పురుషులే తోముడు. చేతకాదందురేని, బయలుదేరుటకు ముందు నెలదినములు ఇంటివద్ద అభ్యాసము చేయుడు; అదియే ఉత్తమమైన ప్రయాణసన్నాహము.

ఈ ఖర్చు, ఈ శ్రమ భరింపలేమందురా? అట్లయినచో నాలుగు దినములకు మారు రెండు దినములే పొండు. అందరికిని రెండు దినముల విశ్రాంతి, ఒకనికి నాలుగు దినముల దొరతనముకంటె మేలు.

వచ్చు వేసవిలో మేము మరల పుదుచ్చేరికి పోదలచితిమి. పొయ్యి వెంట రాదు. మా తల్లిగారికి వంట ఎవరు చేయుదురని అడుగుదురా? మేము పప్పు వండుట నేర్చుకొనుచున్నాము. మొదటినాడు మాడినది, రెండవనాడు ఉప్పు మరచితిమి, మూడవనాడు మా తల్లిగారు మారు వడ్డింపుమని యడిగిరి. మా మిత్రుని గూడ రమ్మని పిలిచితిమి. వదినగారు ఫోటోలో నుండవలెనని నియమము పెట్టితిమి. ఆ ఫోటో కాలువకు పడమటి గట్టున, వంతెన దిగినచోట తీయుదుము.